నేరస్తుణ్ణి టీ చల్లారేలోపు తేల్చేయడం ఎలా?

కోర్టుల సంగతి మీకు తెలియనిది కాదు. సాక్షి రాలేదని ఒక వాయిదా, వకీలుగారికి జ్వరమని ఇంకో వాయిదా, ఫైలు కనబడలేదని మరో వాయిదా. మనకి అంత తీరిక ఎక్కడుందండీ? అందుకే నేరం ఎవరు చేశారో తేల్చే పని రావులపాలెం సెంటర్లో మేమే ఎప్పుడో నెత్తికెత్తుకున్నాం. స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ రాయడానికి రైటర్ పెన్ను తీసేలోపే ఇక్కడ ముద్దాయి ఖరారైపోతాడు. రెండో టీ వచ్చేసరికి శిక్ష కూడా పడిపోతుంది.

ఈ విద్యకి మా ఊరిని మించిన చోటు లేదు. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో జాతీయ రహదారి. రాజమండ్రి నుంచి వచ్చేవాళ్లు, తణుకు వైపు పోయేవాళ్లు, అమలాపురం బస్సు కోసం చూసేవాళ్లు అందరూ ఇక్కడ ఒకసారి దిగి ఎక్కాల్సిందే. తెల్లారేసరికి లంకల నుంచి అరటి గెలలు మార్కెట్లో దిగుతాయి, వాటి వెనకే లారీలు, కూలీలు, బేరగాళ్లు. కోనసీమకి గుమ్మం కదా, కొత్త మొహాలకి కొదవ లేదు. కొత్త మొహాలకి కొదవ లేనిచోట అనుమానితులకీ కొదవ ఉండదు. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్ల కోసం మా అనుభవసారం పది చిట్కాలుగా ఇస్తున్నాం.

1. ముందు మనిషిని ఎంచుకోండి, రుజువు తర్వాత

బస్ కాంప్లెక్సులో ఒకాయన సెల్‌ఫోన్ పోయిందనుకుందాం. తెలివితక్కువవాళ్లు ఫోన్ ఆఖరిసారి ఎక్కడ చూశారు, పక్కన ఎవరున్నారు, సీసీ కెమెరా పనిచేస్తోందా అని మొదలుపెడతారు. అలా మొదలుపెడితే సాయంత్రమైపోతుంది. పైగా ఆ ఫోన్ వాళ్లావిడ సంచీలోనే ఉందని తేలే ప్రమాదం కూడా ఉంది. మీరు ముందు చుట్టూ చూసి మనిషిని ఎంచుకోండి. యాస తేడాగా ఉన్నవాడు, చొక్కా మాసినవాడు, బెంచీ మీద పడుకున్నవాడు, గెలలు మోయడానికి పై రాష్ట్రం నుంచి వచ్చినవాడు, ఈ వరసలో వెతికితే దొరక్కపోడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు తాళం తిప్పుకుంటున్నవాళ్లని లెక్కలోకి తీసుకోకండి. వాళ్ల జేబులో దొరికినా అది పొరపాటే అవుతుంది గాని దొంగతనం అవదు.

రెండు సామెతలు చేతిలో ఉంచుకోండి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని పెద్దలు చెప్పింది లోకం తీరు చూసుకుని నడుచుకోమని. మీరు దాన్ని తాటిచెట్టు కింద కనబడ్డవాణ్ణల్లా పట్టుకోమన్నట్టు వాడుకోవాలి. నిప్పు లేనిదే పొగ రాదన్నది ఇంకా బాగా పనికొస్తుంది, పొగ మనమే పెట్టినా సరే.

2. ఏం చేశాడని కాదు, ఎవరింట్లో పుట్టాడని అడగండి

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఈ మాట నమ్మి తెల్లదొరలు ఏకంగా చట్టమే చేశారు. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911లో సవరించాక మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఒక కులం పేరు ఆ పట్టికలోకి ఎక్కిందంటే అందులో పుట్టిన బిడ్డ ఉగ్గుపాలతోనే అనుమానితుడు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా వెలిసిందే. ఎరుకల కుటుంబాలని అక్కడికి చేర్చి, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి తగిలించారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. నేరం రుజువు చేయాలన్న బాధే లేదు.

ఇంత సుఖమైన చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లోనూ, దేశమంతా 1952 ఆగస్టు 31నా తీసేశారు. అయినా కంగారు పడకండి. చట్టం పోయింది గాని పేరు పోనివ్వకుండా మనం కాపాడుకుంటూ వస్తున్నాం. 1991లో చిరంజీవి సినిమా పేరులో ఆ ఊరుంది, 2023లో రవితేజ సినిమా కథలో ఆ ఊరుంది. ఆ ఊరి పిల్లలు చదువుకుని ఉద్యోగాలకి పోతే ఊరి పేరు చెప్పడానికి ఎందుకు వెనకాడాల్సి వస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. సంఘసంస్కర్త హేమలతా లవణం గారు అక్కడ ఏళ్లతరబడి పనిచేసి మార్పు తెచ్చారన్న సంగతి సినిమాకి పనికిరాదు కాబట్టి మనకీ పనికిరాదు. ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతులవాళ్లని పుట్టుకతోనే నేరస్తులుగా చూడడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న జైలు మాన్యువళ్ల కేసులో చెప్పింది. తీర్పు ఢిల్లీలో వచ్చింది, సెంటర్లో కాదు.

3. మొహం చూసి చదివేయండి

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అన్నారా? పదిమంది చుట్టూ నిలబడి గద్దించినప్పుడు గొంతు తడారితే వాడే దొంగ. పూర్వం ఊళ్లలో మంత్రించిన బియ్యం నమిలించేవారు. దొంగకి నోట్లో బియ్యం పొడిగా ఉండిపోతాయని నమ్మకం. భయం వేస్తే అమాయకుడి నోరైనా ఎండిపోతుందని డాక్టర్లు చెబుతారు. పట్టించుకోకండి.

భయపడకుండా ధైర్యంగా జవాబు చెబితే? అప్పుడు రాటుదేలిన పాత నేరస్తుడు. ఏమీ మాట్లాడకపోతే? దాచుకోవడానికి ఏదో ఉంది. తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణంలో రాసుంది. ఆ పుస్తకం టీకొట్లో ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. ఏడ్చినా, నవ్వినా, ఊరుకున్నా దోషిగానే తేలేటట్టు ప్రశ్న వేయడంలోనే మన నేర్పంతా ఉంది.

4. ఫార్వర్డ్ చేయండి, చదవడం తర్వాత

2018 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో ఫోన్లన్నీ ఒక్కటే మోగాయి. పార్థీ ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, రాత్రిళ్లు తలుపు తీయకండి. ఎక్కడివో వీడియోలు, ఎవరివో ఫొటోలు. ఊరు తెలియని బిచ్చగాళ్లు, దారి తప్పినవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు దెబ్బలు తిన్నారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపేశారు. చుట్టుముట్టిన జనంలో ప్రతివాడూ పిల్లల్ని కాపాడుతున్నాననే అనుకుని ఉంటాడు. ఈ పద్ధతిలో ఉన్న గొప్పతనం అదే, మన చేతికి మట్టి అంటినట్టు మనకే తెలియదు.

పానకంలో పుడకలు ఎక్కడైనా ఉంటాయి. జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లని ఊళ్లకి పంపించి, పాటలు పాడించి, డప్పు కొట్టించి ఆ పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. వాట్సాప్‌వాళ్లు కూడా అదే ఏడాది మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టారు. ఏం ఫర్వాలేదు. ఐదు గ్రూపులంటే మన బంధువులు, క్లాస్‌మేట్లు, వార్డువాళ్లు, గుడి కమిటీ, మార్కెట్ వ్యాపారులు. ఊరు నిండింది కదా!

5. జీపు ఎక్కాడంటే దోషే

పోలీసులు ఊరికే తీసుకెళ్తారా? ఈ ఒక్క ప్రశ్నతో ఎంత పెద్ద వాదననైనా నెగ్గొచ్చు. అవసరం లేకపోయినా అరెస్టు చేయడం అలవాటైపోయిందని అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లో మందలించింది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పదనుకుంటే కారణాలు కాగితం మీద పెట్టాలంది, లేదంటే సీఆర్‌పీసీ 41ఎ నోటీసు ఇచ్చి పిలిపించమంది. ఆ నోటీసే ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 35వ సెక్షన్ కిందికి వచ్చింది. ఎవరైనా 'నోటీసిచ్చి పంపించేశారట' అంటే మీరు కన్నుగీటి 'ఎంత ముట్టిందో' అనండి. చాలు.

లెక్కలు చెప్పేవాళ్లతో మాత్రం పెట్టుకోకండి. 2022 చివరినాటికి దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలేనని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. అంటే వాళ్లు నేరం చేశారని ఇంకా ఏ కోర్టూ అనలేదు. మన లెక్క వేరు. లోపల ఉన్నవాళ్లంతా దొంగలు, బయట ఉన్నవాళ్లంతా దొరలు.

'స్టేషన్లో ఒప్పుకున్నాడట' అన్న మాట వినబడితే కేసు ముగిసినట్టే. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్యాధార చట్టమే అంది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య అధినియమూ 23వ సెక్షన్లో అదే అంటోంది. తన పోలీసుల మీద తెల్లదొరకే లేని నమ్మకం మనకుంది, చూశారా!

6. చట్టం మనవైపు ఉన్నచోట గట్టిగా చెప్పండి

నేరం చేశాడని ప్రభుత్వమే రుజువు చేయాలి, అప్పటిదాకా నిర్దోషి కిందే లెక్క అని చెప్పే వకీళ్ల నోరు మూయించడానికి కొన్ని చట్టాలున్నాయి. చెక్కు బౌన్స్ కేసులో ఆ చెక్కు అప్పు తీర్చడానికే ఇచ్చినట్టు కోర్టు ముందే అనుకుంటుంది, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 139వ సెక్షన్. గెలల మార్కెట్లో హామీగా ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చిన రైతుకి ఆ సెక్షన్ నంబరు తెలియకపోవచ్చు గాని దాని బరువు తెలుసు. మన రాష్ట్రం 1982లో చేసిన భూ ఆక్రమణల నిషేధ చట్టంలో 10వ సెక్షన్ కూడా అలాంటిదే. భూమి ఎదుటివారిదని పైకి కనబడితే చాలు, ఆక్రమించలేదని చూపించుకునే భారం ఆరోపణ పడ్డవాడిదే. మత్తుమందుల చట్టం, పోక్సో, మనీలాండరింగ్ చట్టం, వీటన్నిటిలోనూ భారం కొంతో గొప్పో ముద్దాయి మీదికి జరుగుతుంది.

ఇక్కడితో ఆపేయండి. ముందుకు చదివితే చిక్కు. చెక్కు మీద సంతకం ముద్దాయిదేనని ముందు తేలాలి. ఆ తర్వాత కూడా అప్పు లేదనడానికి నమ్మదగ్గ కారణం చూపిస్తే చాలు, సందేహానికి తావులేకుండా రుజువు చేయక్కర్లేదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. అంటే ఎంత కఠినమైన చట్టమైనా ముద్దాయికి నోరు తెరిచే అవకాశం ఇస్తోంది. ఆ అవకాశం బొత్తిగా ఇవ్వనిది మన సెంటర్ ఒక్కటే.

7. వకీలునీ వదలకండి

అలాంటివాడి తరఫున వాదించేవాడు ఎలాంటివాడు? ఈ ప్రశ్న ముందు వకీలు ఇంటి దగ్గర వేయండి, తర్వాత వాళ్ల పిల్లలు చదివే బడి దగ్గర. ఘోరమైన కేసులొచ్చినప్పుడు ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని బార్ అసోసియేషన్లే తీర్మానాలు చేసిన రోజులున్నాయి. అలాంటి తీర్మానాలు చెల్లవు, వృత్తి ధర్మానికి విరుద్ధమని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రోగి మంచివాడో చెడ్డవాడో చూసి డాక్టరు వైద్యం చేయనట్టే వకీలూ చేయకూడదని ఎవరైనా మీతో అంటే, వాళ్ల పేరు కూడా జాబితాలో రాసుకోండి.

8. విచారణ దాకా ఎందుకు?

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య తెలుగువాళ్లందరి కడుపులో చిచ్చు పెట్టాయి. ఆమెని దిశ అన్నాం. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వంతెన దగ్గర నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్లో పోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. వారం తిరిగేసరికి మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. దర్యాప్తుకి 7 పనిదినాలు, విచారణకి 14, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు గాని, తొలి దిశ పోలీస్‌స్టేషన్ మాత్రం 2020 ఫిబ్రవరిలో మన రాజమండ్రిలోనే తెరిచారు. కార్బైడ్ పెట్టి మాగబెట్టిన గెల రాత్రికి రాత్రే పసుపెక్కుతుంది. రంగు చూసి కొనేసేవాడు తొక్క ఒలిచి చూడడు.

ఆ ఎన్‌కౌంటర్‌పై విచారణ జరిపిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం ఒలిచి చూసింది. 2022 మేలో బయటికొచ్చిన నివేదికలో, నిందితుల్ని చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, పదిమంది పోలీసుల మీద హత్య అభియోగంతో విచారణ జరగాలనీ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చింది. ఆ నలుగురే ఆ ఘోరం చేశారా? కావచ్చు. కోర్టులో ఆ మాట రుజువయ్యే దారి మాత్రం ఆ వంతెన కిందే మూసుకుపోయింది. చల్లిన పూలు ఎవరూ ఏరుకోలేదు కాబట్టి మనకి నష్టం లేదు.

9. నిర్దోషి అని తీర్పొచ్చినా మాట మార్చకండి

'సాక్ష్యాలు లేక కొట్టేశారు గాని, వాడే చేశాడు.' ఈ వాక్యం కంఠతా పట్టండి. ఏ తీర్పుకైనా సరిపోతుంది. హైదరాబాద్ మక్కా మసీదులో 2007 మేలో పేలుడు జరిగాక పాతబస్తీ కుర్రాళ్లని చాలామందిని పట్టుకెళ్లారు, వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. అప్పటి ప్రభుత్వం వాళ్లకి పరిహారంతో పాటు నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. కోర్టు నిర్దోషి అన్నాక కూడా మంచివాడినని కాగితం పట్టుకుని తిరగాల్సి వచ్చిందంటే అది మన ఘనతే.

ఇక్కడే ఒక మినహాయింపు రాసుకోండి. ఆరోపణ పడ్డవాడు మనవాడైతే, అంటే మన కులం, మన పార్టీ, మన వియ్యంకుడు, మన తమ్ముడు అయితే, పైన చెప్పినవన్నీ తిరగేయాలి. అప్పుడు ఇరికించారు అనాలి. రుజువేదీ అనాలి. మంచి వకీలు కావాలనాలి, బెయిలు హక్కు అనాలి, టీవీవాళ్లు ముందే తీర్పు చెప్పేస్తున్నారని తిట్టాలి. ఆ మాటలన్నీ నిజానికి రాజ్యాంగంలో ఉన్నవే. మిగతావాళ్లకి కూడా అవే వర్తిస్తాయన్న ఆలోచన ఒకవేళ వస్తే మంచినీళ్లు తాగండి, పోతుంది.

10. అసలువాణ్ణి వెతకొద్దు

ఇది ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఒకడు దొరికాక ఇంకొకణ్ణి వెతకడం మన పద్ధతికే అవమానం.

2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికీ హత్యకీ గురైంది. నెలల తరబడి ఊళ్లూ టీవీలూ అట్టుడికాయి. ఎవరో ఒకరు దొరకాలి. 2008 ఆగస్టులో నందిగామ దగ్గరి పేద దళిత కుటుంబానికి చెందిన సత్యంబాబుని పోలీసులు అరెస్టు చేశారు. ఇతను కాదు, అసలు దోషులు వేరే ఉన్నారని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. బిడ్డని పోగొట్టుకున్నవాళ్ల మాట కూడా వినకపోవడానికి ఎంత గట్టి నమ్మకం కావాలో ఆలోచించండి. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది.

2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. అతన్ని అన్యాయంగా ఇరికించారని చెప్పి, లక్ష రూపాయలు ఇప్పించమంది, బాధ్యులైన పోలీసులపై చర్య తీసుకోమంది. అతను విడుదలైంది మన రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచే, మాకు గంట దూరం. ఎనిమిదిన్నరేళ్ల యవ్వనం గోడల వెనక ఖర్చయ్యాక బయటికి వచ్చాడు. 2018లో హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. వాళ్లు తవ్వడం మొదలుపెట్టేసరికి, అప్పీలు నడుస్తుండగానే కేసులోని వస్తుసాక్ష్యాలు విజయవాడ కోర్టులో ధ్వంసమైపోయాయని బయటపడింది. దోషి ఎవరో తేలిపోయాక రుజువులతో పనేముందని అనుకుని ఉంటారు. సత్యంబాబు నిర్దోషి అయ్యాక ఆ హత్యకి మరెవరికీ శిక్ష పడలేదు.

మా పది చిట్కాలు తు.చ. తప్పకుండా పాటిస్తే వచ్చే ఫలితం ఇదే. చేయనివాడు లోపల, చేసినవాడు బయట, బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మళ్లీ మొదటిమెట్టు దగ్గర. దొంగ దొరికాడని మనం చప్పట్లు కొట్టిన రోజునే అసలు దొంగకి విడుదల.

చివరగా ఒక హెచ్చరిక. సెంటర్లో ఎవరో ఒకరి మీద వేలు పెట్టి చూపిస్తున్నప్పుడు, గుంపులోంచి ఎవరూ 'నీకెలా తెలుసు?' అని అడక్కుండా చూసుకోండి. ఆ ఒక్క ప్రశ్న పడిందంటే ఈ పదింటిలో ఒక్క చిట్కా కూడా పనిచేయదు.